లారీలో గేరు మార్పు – దాని చరిత్ర, దాని శాస్త్రము

పులికాటు సరస్సుకును, బంగాళాఖాతమునకును నడుమ శ్రీహరికోట దీవి ఉన్నది. 2022 వరకు నెల్లూరు జిల్లాకు చెందిన ఈ దీవి నేడు తిరుపతి జిల్లాలో చేరినది. రాకెట్లకు పూర్వము ఇది వంటకట్టెలకు పేరుపొందినది. సరుగుడు కట్టెలు పడవలపై బకింగ్‌హాము కాలువ వెంట మదరాసు చేరెడివి. 1969లో ఈ దీవిని రాకెట్ కేంద్రమునకు ఎన్నుకొన్నారు. 1971 అక్టోబరు 9న ఇక్కడి నుండి మొదటి రోహిణి రాకెట్ ఎగిరినది. సూళ్లూరుపేట నుండి సరస్సు మీదుగా పోవు రోడ్డుపై బరువులు మోయుట లారీల పని, ట్రైలర్ల పని అయినది.

బండికి కట్టిన ఎద్దు నిలిచిన చోటి నుండే బలముగా లాగగలదు. ఆవిరి యంత్రమును అట్లే లాగును. పెట్రోలు, డీజిలు ఇంజనులకు ఆ శక్తి లేదు; అవి తగినంత వేగముతో తిరిగిననే బలము నిచ్చును. కావున ఇంజనుకును చక్రములకును నడుమ పండ్లచక్రములు కావలెను. 20 పండ్ల చక్రము 60 పండ్ల చక్రమును త్రిప్పినచో, రాపిడి నష్టమును లెక్కింపనిచో, వేగము మూడవ వంతగును, మెలిత్రిప్పు బలము మూడింతలగును. గేరు మర్మమంతయు ఇదియే.

1890ల దశకములో ఫ్రాన్సుదేశమున పన్హార్డు, లెవస్సారు అనువారు పండ్లచక్రములను ప్రక్కకు జరిపి గేరు మార్చు పద్ధతిని ప్రచారమునకు తెచ్చిరి. అందొక చిక్కు కలదు. వేర్వేరు వేగములతో తిరుగు రెండు చక్రములను కలుపబోయినచో పండ్లు గీచుకొని కర్కశమైన ధ్వని చేయును, ఒక్కొక్కప్పుడు విరుగును. దీనికి డ్రైవర్లు కనుగొన్న ఉపాయమే క్లచ్చిని రెండుసార్లు నొక్కుట.

ఒక ఉదాహరణము చూడుడు. ఒక లారీకి నాలుగవ గేరు నిష్పత్తి 1.5, మూడవ గేరు నిష్పత్తి 2.5 అనుకొందము. గేరుపెట్టె నుండి వెలువడు ఇరుసు నిమిషమునకు 800 చుట్లు తిరుగుచున్నది. నాలుగవ గేరులో ఇంజను 1,200 చుట్లు తిరుగును. అదే వేగమున మూడవ గేరు వేయవలెనన్న ఇంజను 2,000 చుట్లు తిరుగవలెను. కావున డ్రైవరు క్లచ్చి నొక్కి గేరును న్యూట్రల్‌కు తెచ్చును. క్లచ్చి వదలి, ఆక్సిలరేటరు నొక్కి ఇంజను వేగమును 2,000కు పెంచును. మరల క్లచ్చి నొక్కి మూడవ గేరు వేయును. నడుమ క్లచ్చి వదలుట ఎందుకు? క్లచ్చి నొక్కి ఉన్నంతసేపు ఇంజను ఎంత తిరిగినను గేరుపెట్టెలోని చక్రములకు ఆ వేగము అందదు గనుక.

పై గేరుకు పోవునపుడు పని తారుమారగును. ఇంజను 2,000 నుండి 1,200కు దిగవలెను. కావున న్యూట్రల్‌లో క్షణమాగవలెను. ఘాటు దిగుచున్నప్పుడు ఈ లెక్క తప్పుట ప్రమాదము. గేరు పడక న్యూట్రల్‌లో నిలిచిన లారీని ఇంజను పట్టి ఉంచలేదు. భారమంతయు బ్రేకులపై పడి అవి వేడెక్కును. అందుచేతనే దిగుడు మొదలుకాక పూర్వమే తక్కువ గేరు వేయవలెనని డ్రైవర్లకు నేర్పుదురు.

1928లో అమెరికాలోని కాడిలాక్ కార్లలో సమవేగ పరికరము వచ్చినది. పండ్లు కలియుటకు ముందే చిన్న శంకువుల రాపిడి రెండు చక్రముల వేగములను సమము చేయును. మనదేశములో 1954లో జంషెడ్‌పూరున టాటా-మెర్సిడిస్ లారీల తయారీ మొదలైనది. మదరాసులో 1948లో స్థాపితమైన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలండ్ అయినది. దాని కర్మాగారమున్న ఎన్నూరు కూడ బకింగ్‌హాము కాలువ ఒడ్డుననే ఉన్నది. అమెరికాలోని పెద్ద ట్రైలరు లారీలలో పెక్కింటికి నేటికిని ఈ పరికరము లేదు. అట్టి లారీలలో చేతితో గేరు మార్చునపుడు వేగము కలుపుట డ్రైవరు పనియే.

శ్రీహరికోటలో ఈ నేర్పునకు వేరొక విలువ కలదు. పి.యస్.యల్.వి. మొదటి దశలో ఐదు ఖండములుగా పోతపోసిన ఘన ఇంధనము సుమారు 138 టన్నులుండును. అది రబ్బరు వంటి ముద్ద. అందు పగులు ఏర్పడినచో మండు వైశాల్యము పెరిగి లోపలి ఒత్తిడి హెచ్చును, రాకెట్టుకే ముప్పు. అట్టి బరువును కుదుపు లేకుండ మెల్లగా నడిపింపవలెను.

ఈ సూత్రము భూమికే పరిమితము కాదు. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుండి వెళ్లిన రెండు చిన్న ఉపగ్రహములు 2025 జనవరి 16న అంతరిక్షములో ఒకదానితో నొకటి కలిసినవి. మొదట వాటి వేగముల భేదమును మిక్కిలి తగ్గించి, తరువాతనే కలిపిరి. తిరుగు చక్రములకైనను, పరుగిడు ఉపగ్రహములకైనను న్యాయమొక్కటే: ముందు వేగములు కలియవలెను, తరువాతనే వస్తువులు కలియవలెను.