పాటల కోసం కావాలనుకున్న రికార్డర్

2025 జూలై 12, అర్ధరాత్రి దాటింది. అహ్మదాబాద్ విమాన ప్రమాదం మీద ప్రాథమిక నివేదిక బయటికొచ్చింది. నాకు ఆ వారం ఆన్‌కాల్ డ్యూటీ, ఎలాగూ నిద్ర లేదు. పదిహేను పేజీలూ ఫోన్‌లోనే చదివేశాను. విమానం నేల విడిచిన కొద్ది సెకన్లకే రెండు ఇంజిన్ల ఫ్యూయెల్ స్విచ్‌లూ సెకను తేడాతో ‘రన్’ నుంచి ‘కటాఫ్’కి మారాయని ఉంది. దాని వెంటనే, కాక్‌పిట్ రికార్డింగ్ నుంచి ఒకే ఒక్క వాక్యం. ఎందుకు కటాఫ్ చేశావని ఒక పైలట్ అడిగాడు, నేను చెయ్యలేదని రెండో పైలట్ అన్నాడు. అది కూడా సారాంశమే, వాళ్ళ మాటలు యథాతథంగా లేవు. అడిగిందెవరో, జవాబిచ్చిందెవరో చెప్పలేదు.

తెల్లారేసరికి మా ఫ్యామిలీ గ్రూపులో తీర్పు వచ్చేసింది. బాబాయి ఒక పైలట్‌ని దోషి అన్నాడు, పెద్దనాన్నగారి అబ్బాయి రెండో పైలట్‌ని. “నువ్వు సాఫ్ట్‌వేరేగా, చెప్పరా” అని నన్ను లాగారు. 260 మంది పోయిన ప్రమాదం. ఇద్దరిలో ఎవరు ఎవరో తెలియని ఒక్క వాక్యం. నేను ఏమీ రాయలేదు. కానీ ఒక ప్రశ్న మాత్రం వదల్లేదు: అసలు కాక్‌పిట్‌లో మాటల్ని రికార్డు చెయ్యాలని మొట్టమొదట ఎవరికి, ఎందుకు అనిపించింది? ఇంజిన్ వేగం, ఎత్తు, దిశ ఇవన్నీ రాసుకోవడం ఇంజినీరింగ్ బుర్రకి సహజంగా తట్టే ఆలోచన. మనిషి గొంతు అలా కాదు.

2009 సెప్టెంబర్‌లో నల్లమలలో రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ కూలినప్పుడు నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను. శిథిలాల్లో వాయిస్ రికార్డర్ దొరికిందని టీవీలో చెబితే, మెస్‌లో అందరం అన్నం ఆపి విన్నాం. అప్పుడు కూడా ఈ ప్రశ్న రాలేదు.

జవాబు డేవిడ్ వారెన్ అనే ఆస్ట్రేలియన్ దగ్గర ఉంది.

ఆయన కథని ఇంటర్నెట్ ఎప్పుడూ ఒకేలా చెబుతుంది. 1925లో ఆస్ట్రేలియా ఉత్తరాన గ్రూట్ ఐలాండ్ అనే దీవిలో పుట్టాడు. తండ్రి క్రైస్తవ మిషనరీ. పిల్లాణ్ణి చదువుకోసం దక్షిణాన టాస్మేనియాలోని బోర్డింగ్ స్కూలుకి పంపారు. 1934 అక్టోబర్ 19న తండ్రి ఎక్కిన ‘మిస్ హోబార్ట్’ అనే విమానం టాస్మేనియాకీ ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న బాస్ జలసంధి మీద మాయమైపోయింది. ఎందుకు కూలిందో ఖాయంగా ఎవరూ చెప్పలేకపోయారు. అప్పటికి డేవిడ్‌కి తొమ్మిదేళ్ళు. పెద్దయ్యాక బ్లాక్ బాక్స్ కనిపెట్టాడు. కట్.

మన సినిమాల్లో ఇంటర్వెల్‌కి ముందొచ్చే ఫ్లాష్‌బ్యాక్‌లా ఉంది కదా. తండ్రి చావు, కొడుకు పంతం. నాకెందుకో ఈ వరస మీద నమ్మకం కుదరలేదు. అబద్ధమని కాదు, ఆ దుఃఖం లేదనీ కాదు. కానీ ఆ మధ్యలో ఇరవై ఏళ్ళున్నాయి. ఆ ఇరవై ఏళ్ళలో ఆయన చేసిన పనులు చూస్తే పంతం కంటే హాబీలే ఎక్కువ కనిపిస్తాయి.

తండ్రి చివరిగా ఇచ్చిన కానుక ఒక క్రిస్టల్ రేడియో సెట్. బ్యాటరీ అక్కర్లేని, చెవికి పెట్టుకుని వినే బుల్లి రేడియో. దాంతో పిల్లాడికి రేడియోల పిచ్చి పట్టుకుంది. సొంతంగా సెట్లు చెయ్యడం నేర్చుకున్నాడు, హామ్ రేడియో ఆపరేటర్ కావాలనుకున్నాడు. ఇంతలో 1939లో యుద్ధం వచ్చింది, ప్రైవేటు మనుషులు రేడియో ప్రసారాలు చెయ్యకూడదని ప్రభుత్వం నిషేధించింది. కుర్రాడు ఏం చేశాడు? హాబీ మార్చుకున్నాడు. రేడియో పక్కన పెట్టి కెమిస్ట్రీ పట్టుకున్నాడు. ఆ కెమిస్ట్రీయే ఉద్యోగమైంది. సిడ్నీ యూనివర్సిటీ, తర్వాత లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఇంధనాల మీద పీహెచ్‌డీ, 1952 నుంచి మెల్‌బోర్న్‌లో ప్రభుత్వ ఏరోనాటికల్ రీసెర్చ్ లేబొరేటరీలో పని. అంటే బ్లాక్ బాక్స్ మనిషి వృత్తిరీత్యా ఎలక్ట్రానిక్స్ వాడే కాదు, పెట్రోలు ట్యాంకులు ఎందుకు పేలతాయో చూసే కెమిస్టు. రేడియో పిచ్చి మాత్రం లోపల ఎక్కడో అలాగే ఉండిపోయింది.

అప్పుడే కామెట్ విమానాల గొడవ మొదలైంది. ప్రపంచంలో మొదటి జెట్ ప్రయాణికుల విమానం అది, 1952 మే 2న సర్వీసులోకి వచ్చింది. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1953 మే 2న, మన కలకత్తా డమ్‌డమ్ నుంచి లేచిన ఒక కామెట్ తుఫాను గాలిలో ముక్కలై 43 మంది చనిపోయారు. 1954 జనవరిలో ఇటలీ దగ్గర ఎల్బా దీవి పక్కన మరొకటి, ఏప్రిల్‌లో నేపుల్స్ దగ్గర ఇంకొకటి. ఈ రెండూ కూలడానికి కారణం లోహం అలసట అని చివరికి ఇంగ్లండ్‌లో తేల్చారు. విమానం బాడీని నీళ్ళ ట్యాంకులో ముంచి, వేల ప్రయాణాలు చేసినట్టుగా దాని మీద ఒత్తిడి పెడుతూ, తీస్తూ పరీక్షించారు.

ఇక్కడ ఒక సినిమా సంగతి. లోహం అలసిపోయి విమానం విరిగిపోతుందని ఒక పరధ్యానపు శాస్త్రవేత్త ఎంత మొత్తుకున్నా ఎవరూ వినని కథతో ‘నో హైవే ఇన్ ద స్కై’ అనే సినిమా 1951లోనే వచ్చింది, అంటే కామెట్లు కూలకముందే. జేమ్స్ స్టువర్ట్ హీరో. దానికి మూలమైన 1948 నాటి నవల రాసింది నెవిల్ షూట్. ఆయన విమానాల ఇంజినీరు, ఇంగ్లండ్ వదిలి 1950లో మెల్‌బోర్న్ దగ్గరే వచ్చి స్థిరపడ్డాడు. నేను ఈ మధ్య చూశాను. సినిమాగా మామూలుగానే ఉంది, మధ్యలో సాగుతుంది కూడా. కానీ అందులో శాస్త్రవేత్త దగ్గరున్నది లెక్కలే. విమానం విరిగాక దాని లోపల ఏం జరిగిందో చెప్పే సాక్షి గురించి ఆ కథకి కూడా తట్టలేదు. షూట్ లాంటి ఇంజినీరుకే తట్టలేదు.

వారెన్‌కి తట్టింది. ఎందుకంటే ఆయన జాజ్ సంగీతం పిచ్చోడు. కామెట్ ప్రమాదాల మీద మెల్‌బోర్న్‌లో నిపుణుల సమావేశం జరిగితే, ఇంధనం పేలిందేమో అనే కోణంలో ఈయన్ని పిలిచారు. అందరూ ఏదో ఒకటి ఊహిస్తున్నారు. ఈయన మనసు మాత్రం ఈ మధ్యే ఒక ట్రేడ్ ఫెయిర్‌లో చూసిన వస్తువు మీదికి పోయింది. జర్మన్ మినీఫోన్. సన్నటి ఉక్కు తీగ మీద శబ్దాన్ని రికార్డు చేసే, జేబులో పట్టే మిషను. ఆయన దాన్ని కోరుకున్నది కచేరీల్లో జాజ్‌ని దొంగచాటుగా రికార్డు చేసుకోవడానికి. ఇప్పుడు ఆ సమావేశంలో కూర్చుని అనుకున్నాడట: కూలిన విమానంలో ఎవరో వ్యాపారస్తుడు ఇలాంటి మిషను ఆన్ చేసి పెట్టుకుని ఉంటే, అది శిథిలాల్లో దొరికితే, వింటే చాలు కదా, ఏం జరిగిందో తెలిసిపోయేది.

ఇది చదివినప్పుడు నాకు మా నాన్న టేప్ రికార్డర్ గుర్తొచ్చింది. రేడియో ఎదురుగా పెట్టి, అందర్నీ నోరు మూసుకోమని, వివిధభారతి పాటలు రికార్డు చేసేవాడు. ఒక క్యాసెట్‌లో పాట చరణం మధ్యలో మా నాన్నమ్మ గొంతు. “ఒరేయ్, పాలు పొంగుతున్నయ్‌రా!” పాట పాడైపోయిందని అప్పుడు నాన్న ఎంత విసుక్కున్నాడో. నాన్నమ్మ 2004లో పోయింది. ఆవిడ గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు. పాట కోసం పెట్టిన మిషనులో మనిషి పడిపోయింది. వారెన్ ఆలోచన సరిగ్గా ఇదే అనిపిస్తుంది నాకు.

తర్వాత కథ ఆఫీసుల్లో పనిచేసిన వాళ్ళందరికీ తెలిసిందే. పై అధికారికి చెబితే, అది నీ పని కాదు, పరికరాల విభాగానికి ఇచ్చెయ్, నువ్వెళ్ళి నీ ఇంధన ట్యాంకులు చూసుకో అన్నాడు. తర్వాత వచ్చిన అధికారికి నచ్చింది, కానీ గుట్టుగా చేసుకో అన్నాడు. ఎవరితోనైనా దీని గురించి మాట్లాడుతూ దొరికితే, అది నాతోనే అయినా సరే, ఉద్యోగంలోంచి తీసేయాల్సి వస్తుందని హెచ్చరించాడు. అప్పటికి వారెన్‌కి పెళ్ళాం, చిన్న పిల్లలు. 1954లో ఒక నివేదిక రాసి పరిశ్రమకి పంపితే జవాబుల్లేవు. చివరికి ఒక నమూనా తయారుచేశాడు. నాలుగు గంటల మాటల్నీ, కొన్ని పరికరాల రీడింగుల్నీ ఉక్కు తీగ మీద దాచి, కొత్తది వచ్చినకొద్దీ పాతదాన్ని చెరిపేసుకుంటూ పోయే పెట్టె. మా భాషలో రింగ్ బఫర్.

అప్పుడు వచ్చిన తిరస్కారాలు చదివితే నవ్వొస్తుంది, కాసేపే. పౌర విమానాలకి దీనివల్ల తక్షణ ప్రయోజనం పెద్దగా లేదని విమానయాన శాఖ. ఇందులో వివరణలకన్నా బూతులే ఎక్కువ రికార్డవుతాయని వైమానిక దళం. పైలట్ల సంఘమైతే ఇది పక్కన కూర్చున్న గూఢచారి అంది, వింటూ ఉండే పెద్దన్నని పెట్టుకుని ఆస్ట్రేలియాలో ఒక్క విమానం కూడా లేవదంది.

పైలట్ల అభ్యంతరం దగ్గర నా నవ్వు ఆగిపోయింది. చాలా వ్యాసాలు దీన్ని మూర్ఖత్వం కింద రాసి ముందుకెళ్ళిపోతాయి. నేనలా వెళ్ళలేను. కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక కంపెనీలో అర్ధరాత్రి సర్వర్లు పడిపోయాయి. ఫోన్‌లో ఉన్న సీనియర్, ఫలానా టేబుల్ తీసెయ్, బ్యాకప్ ఉంది అన్నాడు. తీసేశాను. బ్యాకప్ లేదు. మర్నాడు మీటింగ్‌లో స్క్రీన్ మీద లాగ్ పెట్టారు. టైమ్, కమాండ్, నా యూజర్ ఐడీ. అన్నీ నిజాలే. ఫోన్ కాల్ మాత్రం ఎక్కడా రికార్డు కాలేదు. సీనియర్‌కి గుర్తు లేదు. ఆ ఏడాది నా రేటింగ్ ఏమైందో చెప్పక్కర్లేదు.

అందుకే ఈ విషయంలో నేను రెండు వైపులా ఉన్నాను. ఆ రాత్రి మా గొంతులు రికార్డయి ఉంటే బావుండేదని కోరుకున్నవాణ్ణి. పరికరాల లాగ్ ఏం జరిగిందో చెబుతుంది. ఏం జరుగుతోందని ఆ మనుషులు అనుకున్నారో గొంతు చెబుతుంది. వారెన్‌ కలిపింది ఆ రెండో సంగతే. బ్లాక్ బాక్స్ మొత్తం ఆయనొక్కడే కనిపెట్టాడనడం, ఆస్ట్రేలియన్లు ఎంత గర్వంగా చెప్పుకున్నా, సరికాదు. ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా ఉస్నో యుద్ధానికి ముందే ఫోటో ఫిల్ము మీద రీడింగులు దాచే పెట్టె చేశాడు. అమెరికాలో జేమ్స్ రయన్ 1950లలో మరొకటి చేశాడు. మాటల్నీ రీడింగుల్నీ ఒకే పెట్టెలో పెట్టి, కూలాక కూడా వినిపించేలా చెయ్యాలన్నది మాత్రం ఈ జాజ్ పిచ్చోడి పట్టుదల. అదే సమయంలో, ఆ గొంతుని ఎవరు వింటారు, ఎంత వింటారు, ఏ వాక్యం బయటికి వదుల్తారు అని పైలట్లు పడిన భయం కూడా నిజమైనదే. 2025 జూలైలో ఆ భయం మా ఫ్యామిలీ గ్రూపులోనే కనిపించింది.

1958లో అదృష్టం మారింది. బ్రిటన్ విమాన రిజిస్ట్రేషన్ బోర్డు కార్యదర్శి సర్ రాబర్ట్ హార్డింగమ్ లేబొరేటరీ చూడ్డానికొస్తే, ఆ పెట్టె గురించి చెప్పారు. ఆయన వెంటనే వారెన్‌ని ఇంగ్లండ్ విమానం ఎక్కించమన్నాడు. అక్కడ ‘రెడ్ ఎగ్’ పేరుతో తయారుచేసి అమ్మారు కూడా. సొంత దేశంలో కదలిక రావడానికి ఇంకో ప్రమాదం కావలసొచ్చింది. 1960 జూన్ 10న క్వీన్స్‌లాండ్‌లోని మకాయ్ దగ్గర ఫోకర్ ఫ్రెండ్‌షిప్ సముద్రంలో పడి 29 మంది చనిపోయారు. కారణం తేలలేదు. విచారణ జరిపిన జడ్జి, విమానాల్లో రికార్డర్లు ఉండాల్సిందేనన్నాడు. కాక్‌పిట్ మాటల రికార్డింగ్‌ని తప్పనిసరి చేసిన మొదటి దేశం ఆస్ట్రేలియాయే అయింది.

పైలట్లు పూర్తిగా ఓడిపోలేదు. రికార్డింగ్ చాలాకాలం చివరి అరగంటే ఉండేది, తర్వాత రెండు గంటలైంది. క్షేమంగా దిగాక, పార్కింగ్ బ్రేక్ వేశాక చెరిపేసుకునే బటన్ కూడా పెట్టారు. విచారణలో వాడిన గొంతుల్ని ఊరికే బయటపెట్టకూడదని అంతర్జాతీయ నియమం ఉంది. ఇప్పుడు కొత్త పెద్ద విమానాల్లో 25 గంటలు దాచాలంటున్నారు. 2024 జనవరిలో అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానానికి గాలిలో డోర్ ప్లగ్ ఊడినప్పుడు, సమయానికి ఎవరూ ఆపకపోవడంతో రెండు గంటల రికార్డింగ్ దాని మీదే మళ్ళీ రికార్డై పోయింది. పాత వాదన ఇంకా నడుస్తూనే ఉంది, గంటల లెక్కలో.

వారెన్‌కి దీనివల్ల రాయల్టీలేమీ రాలేదు. అడిగినవాళ్ళతో ఒక మాట అనేవాడట: ఈ ఒక్క ఐడియా లాభం ప్రభుత్వం తీసుకుంది నిజమే, పనికిరాని మిగతా వంద ఐడియాలకి నా దగ్గర ఖర్చు వసూలు చెయ్యలేదుగా అని. ఈ మాట చెప్పిన మనిషికి తండ్రి చావొక్కటే ఇంధనమై ఉంటుందని నాకు ఇప్పటికీ అనిపించదు. 2010 జూలై 19న పోయాడు. శవపేటిక మీద, విమానాల్లో ఆ పెట్టెల మీద రాసేలాంటి మాటలే రాశారు: ఫ్లైట్ రికార్డర్ ఇన్వెంటర్, డు నాట్ ఓపెన్.

మా నాన్న క్యాసెట్ బీరువాలో ఉంది. డిజిటైజ్ చేయించు అన్నయ్యా అని మా చెల్లి ఏడాదిగా అడుగుతోంది. చేయిస్తే మొదటి పని ఫ్యామిలీ గ్రూపులో పెట్టమంటారు, తెలుసు. అందుకే ఇంకా షాపుకి తీసుకెళ్ళలేదు.