హకోనే చౌకీ

జపాను దేశమున టోక్యో నగరమునకు నైరృతి దిశను హకోనే యను కొండసీమ కలదు. అచ్చట ఆషి సరస్సు నొడ్డున, కొండకును నీటికిని నడుమ ఇరుకైన చోట, నల్లని కొయ్య కట్టడములును, రెండు ద్వారములును యాత్రికులకు కానవచ్చును. రెండున్నర శతాబ్దములు ఆ దేశపు రాకపోకలను శాసించిన చౌకీ యిది. దీనిని జపానీయులు 'సెకిషో' యందురు.

1603లో తొకుగావా ఇయెయాసు షోగును పదవి నందెను. చక్రవర్తి క్యోటోలోనే యుండెను గాని, అధికారమంతయు ఎదో నగరమునకు, అనగా నేటి టోక్యోకు, తరలెను. ఈ రెండు నగరములను కలుపు తొకైదో రాజమార్గమున 53 మజిలీలు ఉండెడివి. ఆ బాటపై హకోనే చౌకీ 1619లో వెలసినది.

దీని యవసరమేమి? సామంతులు ఏడు విడిచి యేడు ఎదోలో కొలువు చేయవలెననియు, వారి భార్యాబిడ్డలు ఎల్లప్పుడు అచ్చటనే యుండవలెననియు షోగునులు కట్టడి చేసిరి. 1635లో ఈ కొలువునకు శాసనరూపము వచ్చెను. పేరునకు కాపురమే యైనను ఆ కుటుంబములు జామీనులే. సామంతుని భార్య రహస్యముగా నగరము దాటినచో తిరుగుబాటు సమీపించినదని యర్థము. కావుననే "లోనికి వచ్చు తుపాకి, వెలుపలికి పోవు స్త్రీ" యను మాట పుట్టినది. ఈ రెంటిలో హకోనే యధికారుల దృష్టి ముఖ్యముగా స్త్రీలపైననే.

ఎదో విడిచి పోవు స్త్రీకి అనుమతి పత్రము తప్పనిసరి. ఆమె యెవరు, ఎచ్చటికి పోవుచున్నది, రూపురేఖలెట్టివి యను వివరములు అందుండెడివి. తనిఖీకి నియమింపబడిన స్త్రీ కొప్పు విప్పించి మరీ పరీక్షించెడిది. పత్రమునకును మనిషికిని పొంతన కుదరనిచో ప్రయాణము ఆగవలసినదే. ప్రొద్దు పొడుపున తెరచిన ద్వారములు ప్రొద్దు గ్రుంకగనే మూతపడెడివి.

ఈ నిర్బంధము సామంతుల యిండ్లతో ఆగలేదు. ఇజు ప్రాంతమునుండి ఎదోకు పనికై పోయిన ఓతమ యను బాలిక యింటిపై బెంగతో బయలుదేరెను. ఆమెకడ పత్రము లేదు. చౌకీని తప్పించుకొని కొండదారిని పోజూచి పట్టువడెను. 1702లో ఆమెకు మరణదండన విధించిరి. అచ్చటి కొలను నేటికిని ఆమె పేరనే పిలువబడుచున్నది. రాజ్యరక్షణకై యేర్పడిన నిబంధనము ఇల్లు చేరగోరిన పిల్లను బలిగొన్నది.

1869లో మెయిజీ ప్రభుత్వము చౌకీలను రద్దు చేసినది. హకోనే కట్టడములు కాలక్రమమున రూపుమాసెను. వానిని మరల నిలిపినది ఒక కచేరీ దస్తావేజు. 1865లో జరిగిన మరమ్మతుల సవివర నివేదిక 1983లో ఇజులోని ఎగావా వంశీయుల పత్రభాండారమున బయటపడెను. దానికి తోడు త్రవ్వకములలో పాత పునాదిరాళ్లును దొరకినవి. నాటి పనివారి పద్ధతులనే యనుసరించి వడ్రంగులు పని సాగించిరి. 2007లో నిర్మాణము పూర్తియై సందర్శకులకు తెరువబడినది. నేడు అచ్చట అధికారుల బొమ్మలను, చెరసాలను చూడవచ్చును. నిట్రమైన మెట్లెక్కి కావలి గృహము చేరినచో సరస్సంతయు కన్నుల యెదుట నుండును. దొంగచాటుగా పడవపై దాటువారిని కనిపెట్టుటకే దానిని అచ్చట నిలిపిరి.

ఇట్టి యేర్పాటు మనకును క్రొత్త గాదు. రాకపోకలకు ముద్రాపత్రములిచ్చు ముద్రాధ్యక్షుని గూర్చి కౌటిల్యుని అర్థశాస్త్రము చెప్పుచున్నది. దస్తావేజులతో ప్రొద్దు పుచ్చు మనబోటి యుద్యోగులకు హకోనే చరిత్రము ప్రత్యేకముగా ఆలోచింపదగినది. శ్రద్ధగా వ్రాసి భద్రపరచిన కాగితము నూరేండ్లు దాటిన పిదప రూపుమాసిన కట్టడమును నిలబెట్టగలిగినది. కాగితము లేకపోవుటచే పోయిన ఓతమ ప్రాణమును మాత్రము ఏ నివేదికయు తిరిగి తేజాలదు. పత్రము నడుగు ప్రతి యధికారియు దాని వెనుకనున్న మనిషి ముఖమును గూడ ఒకమారు చూడవలెనని ఆ కొలను నేటికిని చెప్పుచున్నది.