అందరూ సుంకం కట్టిన వంతెన

1820 డిసెంబరు ఆఖరు. డాన్యూబ్ నది నిండా మంచుగడ్డలు కొట్టుకొస్తున్నాయి. హంగరీలోని పెస్ట్ ఒడ్డున యువ సైనికాధికారి ఇష్ట్వాన్ సేచెన్యి నిలబడిపోయాడు. వియన్నాలో తండ్రి పోయాడని కబురు. అవతలి ఒడ్డున బుడా కళ్లెదుటే ఉంది, దాటే దారి లేదు. చలికాలం వస్తే పడవల వంతెన తీసేస్తారు మరి. వారం రోజులు పడిగాపులు పడ్డాడు. ఇక్కడ వంతెన కట్టేవాళ్లుంటే తన ఏడాది రాబడి ఇచ్చేస్తానని డైరీలో రాసుకున్నాడు.

అతను వంతెన పనికి పూనుకున్నాక నది కంటే, దాటేవాళ్లు కట్టాల్సిన సుంకమే పెద్ద అడ్డంకి అయింది. ఆనాటి హంగరీలో ప్రభువులు పన్నులు కట్టేవారు కాదు. రైతుతో సమానంగా మేమూ చెల్లించాలా అని మండిపడ్డారు. దేశ అత్యున్నత న్యాయాధికారి ఆ వంతెన మీద అడుగే పెట్టనని ఒట్టేసుకున్నాడు. అందరూ సుంకం కట్టాల్సిందేనని 1836లో చట్టం తేల్చింది. నన్నడిగితే వంతెనకు అసలు శంకుస్థాపన అదే.

రాయి పడింది 1842లో. నమూనా ఇంగ్లండు ఇంజినీరు విలియం టియర్నీ క్లార్క్‌ది. దగ్గరుండి కట్టించింది స్కాట్లండు వాడైన ఆడం క్లార్క్. వాళ్లిద్దరికీ చుట్టరికం లేదు. నదిలో విజయతోరణాల్లాంటి రెండు రాతి కట్టడాలు, వాటి నడుమ 202 మీటర్ల దూరం. పొడవాటి ఇనుప పట్టీలను కీలుకు కీలు కలిపిన గొలుసులు ఆ తోరణాల మీదుగా సాగి, ఒడ్డున నేల కింది గదుల్లో బిగుసుకుంటాయి. దారి బరువంతా ఆ గొలుసుల మీదే.

1848 జులై 18. చివరి గొలుసు పైకి లేస్తోంది. చూడ్డానికి జనం పోగయ్యారు. ఉన్నట్టుండి లాగుతున్న సరంజామా తెగి, గొలుసు పరంజా మీద కూలింది. నీళ్లలో పడ్డవాళ్లలో సేచెన్యి కూడా ఉన్నాడు. 56 ఏళ్ల వయసులో ఈదుకుంటూ ఒడ్డు చేరాడు.

నది నుంచి బయటపడ్డ మనిషిని హంగరీకీ ఆస్ట్రియాకీ మధ్య రేగిన యుద్ధం కుంగదీసింది. ఆ సెప్టెంబరులోనే మనసు చెదిరి, వియన్నా దగ్గరి మానసిక చికిత్సాలయంలో చేరాడు. మరుసటి ఏడాది మేలో ఒక ఆస్ట్రియా కల్నల్ వంతెన మీద మందుగుండు అంటించి, ఆ పేలుడులో తానే పోయాడు. వంతెన నిలిచింది. 1849 నవంబరు 20న దాన్ని ప్రారంభించింది ఎవరనుకున్నారు? హంగరీ సేనానులకు మరణశిక్ష వేయించిన ఆస్ట్రియా సేనాపతి హైనౌ! సేచెన్యి 1860లో ఆ చికిత్సాలయంలోనే చనిపోయాడు. పూర్తయిన వంతెన మీద ఒక్కసారైనా నడవలేదు. తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

యానోష్ మార్షల్కో చెక్కిన నాలుగు రాతి సింహాలు 1852లో కాపలాకొచ్చాయి. 1945 జనవరిలో వెనుదిరుగుతున్న జర్మన్ సేన వంతెనను పేల్చేసింది. హంగరీ వాళ్లు మళ్లీ కట్టుకుని, సరిగ్గా నూరేళ్లకు, 1949 నవంబరు 20నే తెరిచారు. దాని పేరు సేచెన్యి గొలుసు వంతెన.