పాటకు ఏ దేశం ముద్ర?

ముస్లింలం ఏ గొంతుకు తలూపామో, ఆ గొంతు ఏ దేశానిదో లెక్క చెప్పాలి. మెహదీ హసన్ గజల్ ఇష్టమంటే చాలు, మా దేశభక్తి తక్కెడకెక్కుతుంది. కానీ 1980లో ఈ దేశమంతా ఒక కరాచీ అమ్మాయి పాటకు చిందులేసింది. అప్పుడు ఆ తక్కెడ ఎక్కడ పెట్టారు? ఆ పాట కట్టిన మనిషి చరిత్ర ఒకసారి చూద్దాం.

బిడ్డు అప్పయ్యది కొడగు కుటుంబం. 1945లో బెంగళూరులో పుట్టారు. ట్రోజన్స్ అనే బృందంలో ఇంగ్లీషు పాటలు పాడి, 1967లో ఇంగ్లండ్ చేరారు. 1974లో జమైకాలో పుట్టిన కార్ల్ డగ్లస్‌తో 'కుంగ్ ఫూ ఫైటింగ్' రికార్డు చేశారు. రికార్డు రెండో వైపు నింపడానికి హడావుడిగా చేసిన పాట అది. బ్రిటన్‌లోనూ, అమెరికాలోనూ మొదటి స్థానానికెక్కింది. బెంగళూరు బాణీకర్త, జమైకా గొంతు, లండన్ స్టూడియో, హాంకాంగ్ సినిమాల మోజు. ఇందులో 'స్వచ్ఛమైన సంస్కృతి' ఎవరిది?

1980లో ఫిరోజ్ ఖాన్ 'ఖుర్బానీ' తీశాడు. మిగతా పాటలు కల్యాణ్‌జీ-ఆనంద్‌జీవి. 'ఆప్ జైసా కోయీ' ఒక్కటే బిడ్డుది. పాడింది పదిహేనేళ్ల నాజియా హసన్. ఫిల్మ్‌ఫేర్ బహుమతి ఆమెకే వచ్చింది. మరుసటేడు తమ్ముడు జొహేబ్‌తో కలిసి 'డిస్కో దీవానే' పాడింది. దాని వెనక సినిమా లేదు, తెర మీద పెదవులు కదిపే హీరోయిన్ లేదు. గొంతు ఎవరిదో ముఖమూ వాళ్లదే. ఆ పాటల భాషను ఇక్కడ హిందీ అన్నారు, అక్కడ ఉర్దూ అన్నారు. మాటలు మాత్రం అవే. మాలోనే పాటను హరామ్ అనేవాళ్లున్నారు. వాళ్ల ఇళ్లలోని పిల్లల నోటా ఆ పాట ఆగలేదు.

బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత మూడేళ్లకు, 1995లో, అలీషా చినాయ్ పాడిన 'మేడ్ ఇన్ ఇండియా' వచ్చింది. ఆ బాణీ కూడా బిడ్డుదే. దాన్ని మొదట నాజియాకే ఇవ్వబోయానని, తన దేశంవాళ్లు నొచ్చుకుంటారని ఆమె వద్దందని ఆయన తర్వాత చెప్పుకున్నారు. ఆమె 2000లో, ముప్పై అయిదేళ్లకే, లండన్‌లో కేన్సర్‌తో కన్నుమూసింది.

పదిహేనేళ్ల వయసులో సరిహద్దు దాటిన గొంతు ముప్పయ్యేళ్ల వయసులో ఒక దేశం పేరు దగ్గర ఆగిపోయింది. అటువైపు పాడే మనిషికి భయం. ఇటువైపు వినే మాకు భయం. ఈ రెండు భయాలనూ పెంచిన రాజకీయం ఒక్కటే.

అందుకే మమ్మల్ని రుజువులడిగేవాళ్లను మేం ఒకటే అడుగుతున్నాం. 'ఆప్ జైసా కోయీ' మీకూ నోటికొచ్చు గదా, మిమ్మల్ని రుజువు ఎవరడిగారు?