గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో నాడీ చొరబాటు

నాడీ చొరబాటు అంటే క్యాన్సర్ కణాలు నాడి తొడుగులోని మూడు పొరల్లో దేనిలోకైనా ప్రవేశించడం, లేదా నాడి చుట్టుకొలతలో కనీసం 33 శాతాన్ని చుట్టుముట్టడం. 2009లో ప్రతిపాదించిన ఈ నిర్వచనం విస్తృతంగా వాడుకలో ఉంది.

నిర్ధారణ: శస్త్రచికిత్సలో తొలగించిన కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తారు. మామూలు రంజనంలో సన్నని నాడులు కణితి గుంపుల మధ్య కలిసిపోయి కనిపించవచ్చు. ఎస్-100 ప్రొటీన్ రంజనం వాటిని గోధుమ రంగులో విడదీసి చూపుతుంది.

రోగ గమనం: నాడీ చొరబాటు ఉన్నవారిలో కణితి పెద్దదిగా ఉండటం, ముఖద్వారపు లోతు పొరలకు పాకడం, లింఫ్ గ్రంథులకు వ్యాపించడం ఎక్కువ. వ్యాధి తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది, జీవితకాలం తగ్గుతుంది. అయితే నాడీ చొరబాటు స్వతంత్ర ప్రమాద సూచికా అన్న విషయంలో అధ్యయనాల ఫలితాలు ఏకీభవించలేదు. అంతర్జాతీయ స్త్రీవైద్య, ప్రసూతి సమాఖ్య (ఫిగో) 2018 నాటి దశల వర్గీకరణలో దీనికి స్థానం లేదు. మూత్రాశయ నాడులను కాపాడే రాడికల్ హిస్టెరెక్టమీ (గర్భాశయాన్ని, దాని చుట్టూ ఉన్న కణజాలాన్ని తొలగించే శస్త్రచికిత్స) ఎవరికి తగునో నిర్ణయించడంలో దీనికి ప్రాధాన్యం ఉంది.

ప్రాంతీయ సందర్భం: ఆంధ్రప్రదేశ్‌లోని ఏలూరులో అల్లూరి సీతారామరాజు వైద్య విజ్ఞాన సంస్థ, 2023లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నాయి. చికిత్స ఎక్కడ జరిగినా, క్యాన్సర్ ముదిరిన దశలో ప్రధాన చికిత్స కీమోతో కూడిన రేడియేషన్. అప్పుడు గర్భాశయాన్ని తొలగించరు కనుక నాడీ చొరబాటును పూర్తిగా అంచనా వేయడం సాధ్యపడదు. భారత ప్రభుత్వ జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటిన మహిళలకు జరిపే ముందస్తు పరీక్షలు వ్యాధిని తొలిదశలోనే పట్టగలవు.