కారు ఇంజనుకు రెక్కలు

పైలటు ముఖానికి ఎదురుగా నిలువునా కారు రేడియేటర్. పక్కకు వంగి తొంగిచూస్తే గానీ ముందేముందో కనపడదు. అయినా ఆ విమానం ఎగిరింది, ఆ నమూనావి ఇప్పటికీ ఎగురుతున్నాయి. ఇంజను ఫోర్డ్ మోడల్ ఏ కారుది! ఈ సంగతి తెలిశాక, మా దొర్నిపాడులో బానెట్ ఎత్తిన పాత జీపు కనిపిస్తే ఒక చూపు చూడకుండా దాటిపోలేను.

కట్టినవాడు బెర్నార్డ్ పీటెన్‌పోల్. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, చెర్రీ గ్రోవ్ అనే పల్లె. మెకానిక్ పని సొంతంగా నేర్చుకున్నాడు. 1929లో చెక్క చట్రానికి గుడ్డ తొడిగి, ఇద్దరు కూర్చునే విమానం ఎగరేశాడు. డిస్ట్రిబ్యూటర్ పీకేసి మాగ్నెటో పెట్టాడు, బ్యాటరీ బరువు తప్పింది. ఇంజనును వెనక్కి తిప్పి, ఫ్లైవీల్ వైపు ప్రొపెల్లర్ బిగించాడు. ఇంజను బలం 40 హార్స్‌పవర్, అదీ నిమిషానికి 2200 చుట్ల దగ్గర. కిటుకంతా ఇక్కడే ఉంది. ప్రొపెల్లర్ మరీ జోరుగా తిరిగితే కొసలు ధ్వని వేగానికి దగ్గరపడతాయి, రొద పెరిగి లాగుడు తగ్గుతుంది. మోడల్ ఏ మాత్రం మన బావుల మీది పాత ఆయిల్ ఇంజను మాదిరి, నిదానంగా తిరుగుతూనే బలంగా లాగుతుంది. గేర్లతో పనే లేదు.

కారు ఇంజన్లు విమానానికి పనికిరావని అప్పటికే మోడర్న్ మెకానిక్స్ పత్రిక సంపాదకుడు తేల్చేశాడు. 1930లో పీటెన్‌పోల్ బృందం రెండు విమానాలు ఎగరేసుకుంటూ ఆయన ముందు దింపింది. సంపాదకుడు మాట మార్చుకుని ప్లాన్లు అచ్చేశాడు. నాకు ఆయనంటేనే ఎక్కువ గౌరవం. విమానం కట్టినవాళ్లు చాలామంది ఉంటారు. కొలతలతో సహా అచ్చేసి ఊరందరికీ పంచినవాళ్లే తక్కువ.

అంతకు ముందు 1902 చివర్లో రైట్ సోదరులు కార్ల కంపెనీలను అడిగారు. తగినంత తేలికైన ఇంజను ఎక్కడా దొరకలేదు. చివరికి వాళ్ల మెకానిక్ చార్లీ టేలరే 12 హార్స్‌పవర్ ఇంజను చేసిపెట్టాడు. 1910 మార్చిలో మద్రాసులో హోటల్ నడిపే డి ఏంజెలిస్ సొంతంగా గీసుకున్న విమానం ఎగరేశాడు. కట్టింది బండ్లు చేసే సింప్సన్ కంపెనీ. మా నంద్యాల ప్రాంతం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాన్సులో డ్రూయిన్ టర్బులెంట్ అనే చిన్న విమానం ఫోక్స్‌వాగన్ ఇంజనుతో లేచింది. తర్వాత సుజుకీల వంతు. మన జిప్సీ, ఎస్టీమ్‌ల ఇంజను కుటుంబమే అమెరికాలో చిన్న విమానాలకు ఎక్కింది. అవి వేగంగా తిరిగేవి కనుక మధ్యలో వేగం తగ్గించే గేర్లో, బెల్టో పడాలి. పైగా రోడ్డు మీద కారు ఇంజను బలంలో కొంతే వాడుతుంది, గాలిలో దాదాపు ముప్పాతిక బలంతో గంటల తరబడి లాగాలి. ఇప్పటి ఇంజన్లకు కంప్యూటర్ పెట్టె వచ్చిపడింది. స్పానర్ పట్టినవాడికి ఇంజను విప్పి చూసి అర్థం చేసుకునే వీలు పోయింది. ఇది నాకు పెద్ద నష్టమే అనిపిస్తుంది.

2021 ఆగస్టులో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లా ఫుల్‌సావంగిలో ఓ యువ మెకానిక్ మారుతి 800 ఇంజనుతో హెలికాప్టర్ కట్టాడు. పరీక్షిస్తుండగా రెక్క విరిగి తగిలి ప్రాణం పోయింది. అమెరికాలో పోబరెజ్నీ అనే ఆయన 1953లో మిల్వాకీలో పెట్టిన విమాన నిర్మాతల సంఘంలో, అనుభవమున్న సభ్యులు కొత్తవాళ్ల షెడ్లకు వచ్చి, గుడ్డ తొడగకముందే అతుకులు తడిమి చూసిపోతారు. ఫుల్‌సావంగి షెడ్డులోకీ అలాంటి మనిషి ఒకరు వచ్చి, స్విచ్ వేయకముందు ఆ రెక్క మొదలు చూసి ఉంటే!