విజార్డ్రీ (కంప్యూటరు ఆట)

విజార్డ్రీ 1981లో ఆపిల్ 2 కంప్యూటరు కోసం విడుదలైన పాత్రధారణ ఆట (రోల్ ప్లేయింగ్ గేమ్). దీని పూర్తి పేరు 'విజార్డ్రీ: ప్రూవింగ్ గ్రౌండ్స్ ఆఫ్ ద మ్యాడ్ ఓవర్‌లార్డ్'. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ దీనిని రూపొందించగా, న్యూయార్క్ రాష్ట్రంలోని ఆగ్డెన్స్‌బర్గ్ పట్టణానికి చెందిన సర్-టెక్ సంస్థ ప్రచురించింది. ఒకే ఆటగాడు ఆరుగురు సభ్యుల దళాన్ని నడిపించే కంప్యూటరు ఆటలకు ఇది తొలి ప్రసిద్ధ నమూనా. ఈ ఆటలో మరణించిన పాత్రను ఆటగాడు తన ఇష్టానుసారం వెనక్కి తెచ్చుకోలేడు. ఆట విధానంలోని ప్రతి అంశమూ ఈ ఒక్క నియమం చుట్టూ తిరుగుతుంది.

నేపథ్యం

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్లమీది ఆటలో కొందరు మిత్రులు చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరిస్తారు. పాచికలు వేసి ఫలితాలు నిర్ణయిస్తారు. ఈ ఆటను కంప్యూటరు మీదికి తెచ్చే ప్రయత్నాలు వెంటనే మొదలయ్యాయి. వాటిలో ముఖ్యమైనవి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ప్లేటో అనే బోధనా కంప్యూటరు వ్యవస్థపై విద్యార్థులు రాసినవి. ఈ వ్యవస్థపై నడిచిన ఊబ్లియెట్ వంటి ఆటలలో వేర్వేరు చోట్ల కూర్చున్న విద్యార్థులు ఒక దళంగా కలిసి ఆడేవారు.

ప్లేటో ఆటలతో పరిచయమున్న గ్రీన్‌బర్గ్, వుడ్‌హెడ్ ఆ అనుభవాన్ని ఇంట్లో ఉండే చిన్న కంప్యూటరుకు తేవాలనుకున్నారు. ఇంట్లో ఆటగాడు ఒక్కడే ఉంటాడు గనుక దళంలోని ఆరుగురినీ అతని చేతికే అప్పగించారు. మొదట బేసిక్ భాషలో మొదలైన పని తరువాత పాస్కల్ భాషకు మారింది. 48 కిలోబైట్ల జ్ఞాపకశక్తి గల యంత్రాలపై పాస్కల్ ప్రోగ్రాములను నడిపే సౌకర్యం ఆపిల్ సంస్థ నుండి వచ్చేవరకు విడుదల కోసం వేచి ఉండవలసి వచ్చింది.

కథ

ట్రెబర్ అనే ఉన్మాద ప్రభువు వద్ద ఉన్న మహిమగల తాయెత్తును వెర్డ్నా అనే మహామాంత్రికుడు అపహరించి, కోట కింద పది అంతస్తుల చిక్కుదారిని నిర్మించుకుని దాని అడుగున దాగుకొంటాడు. ప్రభువు ఆ చిక్కుదారినే తన సైనికులకు పరీక్షాస్థలంగా ప్రకటిస్తాడు. వెర్డ్నాను జయించి తాయెత్తును కోటకు తెచ్చినవారికి ప్రభువు కొలువులో స్థానం లభిస్తుంది. ట్రెబర్, వెర్డ్నా అనే పేర్లు రాబర్ట్, ఆండ్రూ అనే కర్తల పేర్లను ఆంగ్ల అక్షరక్రమంలో తిరగరాయగా వచ్చినవి.

దళ నిర్మాణం

ఆట కోటలో మొదలవుతుంది. శిక్షణాస్థలంలో ఆటగాడు పాత్రలను సృష్టిస్తాడు. ఒక ఫ్లాపీలో ఇరవై పాత్రల వరకు భద్రపరచవచ్చు. వాటి నుండి ఆరుగురికి మించకుండా ఎంచుకుని గిల్గమెష్ పానశాలలో దళాన్ని సమకూర్చాలి. ప్రతి పాత్రకు బలం, బుద్ధి, భక్తి, జీవశక్తి, చురుకుదనం, అదృష్టం అనే ఆరు గుణాలుంటాయి. మానవులు, ఎల్ఫులు, డ్వార్ఫులు, నోములు, హాబిట్లు అనే ఐదు జాతులలో ఒక్కొక్క జాతికి ఈ గుణాలు ఒక్కొక్క తీరున ఉంటాయి. వాటికి అదనంగా కలుపుకొనే పాయింట్లు ప్రతిసారి యాదృచ్ఛికంగా మారుతాయి. అందువల్ల మంచి సంఖ్య వచ్చేవరకు ఆటగాళ్ళు పాత్రలను మళ్ళీ మళ్ళీ సృష్టించడం పరిపాటి.

వృత్తులు ఎనిమిది. మొదటి నాలుగు సాధారణమైనవి:

* యోధుడు - ఆయుధం పట్టి ముందు నిలిచేవాడు. బలం కనీసం 11 ఉండాలి.
* మాంత్రికుడు - దాడి మంత్రాలు ప్రయోగించేవాడు. బుద్ధి కనీసం 11 ఉండాలి.
* పురోహితుడు - గాయాలు మాన్పే మంత్రాలు తెలిసినవాడు. భక్తి కనీసం 11 ఉండాలి.
* దొంగ - పెట్టెలలోని ఉచ్చులను విప్పేవాడు. చురుకుదనం కనీసం 11 ఉండాలి.

బిషప్, సమురాయ్, లార్డ్, నింజా అనేవి ఉన్నత వృత్తులు. వీటికి ఎక్కువ గుణాలు అవసరం గనుక చాలావరకు ఆట మధ్యలో వృత్తి మార్చుకొనే మార్గంలోనే వీటిని అందుకొంటారు.

ప్రతి పాత్రకు సజ్జన, తటస్థ, దుర్జన అనే మూడు స్వభావాలలో ఒకటి ఉంటుంది. సజ్జనులు, దుర్జనులు పానశాలలో ఒకే దళంలో చేరరు. పురోహితుడు తటస్థుడు కాజాలడు. దొంగ సజ్జనుడు కాజాలడు. కాబట్టి దళాన్ని సమకూర్చేటప్పుడే ఆటగాడు కొన్నింటిని వదులుకోవలసి వస్తుంది. ఉదాహరణకు సజ్జనుల దళంలో దొంగ కావాలంటే అతడు తటస్థుడై ఉండాలి.

దళంలో మొదటి ముగ్గురు ముందు వరుసలో, చివరి ముగ్గురు వెనుక వరుసలో నిలుస్తారు. ముందు వరుసవారు మాత్రమే ఆయుధాలతో కొట్టగలరు. శత్రువుల ఆయుధపు దెబ్బలు కూడా వారిమీదే పడతాయి. ఇద్దరు యోధులు, ఒక పురోహితుడు ముందు, మాంత్రికుడు, దొంగ, బిషప్ వెనుక ఉండేలా అమర్చడం ఒక పద్ధతి. ముందు వరుసలో ఒకడు కూలితే వెనుకవాడు ముందుకు జరగవలసి వస్తుంది. బలహీనుడైన మాంత్రికుడు అలా ముందుకు వచ్చిన దళం సాధారణంగా ఎక్కువసేపు నిలవదు.

చిక్కుదారి, పటరచన

చిక్కుదారిలో పది అంతస్తులు ఉన్నాయి. ఒక్కొక్కటి 20 గడుల పొడవు, 20 గడుల వెడల్పు గలది. తెర మీద ఒక మూలన చిన్న చతురస్రంలో కేవలం గీతలతో గోడలు, తలుపులు కనిపిస్తాయి. దళం దృష్టితోనే దారిని చూడాలి తప్ప పైనుండి చూసే పటం ఆటలో లేదు. ఆటగాడే గ్రాఫు కాగితం మీద ఒక్కొక్క అడుగుకు ఒక్కొక్క గడిని గీసుకోవాలి.

ఈ పటాన్ని తప్పుదారి పట్టించడానికి రచయితలు అనేక ఏర్పాట్లు చేశారు. తెలియకుండానే దళాన్ని వేరొక దిక్కుకు తిప్పే గడులు, మరొక చోటికి చేర్చే గడులు, వెలుతురు పనిచేయని చీకటి ప్రాంతాలు, గోతులు, కింది అంతస్తుకు జార్చే మార్గాలు ఇందులో ఉన్నాయి. ఒక అంచు దాటితే ఎదుటి అంచున తేలే అంతస్తులు కూడా ఉన్నాయి. డుమాపిక్ అనే మంత్రం మెట్ల నుండి దళం ఎంత దూరంలో, ఏ దిక్కుకు ఉన్నదో చెబుతుంది. అయితే ఆ మంత్రానికి వెచ్చించిన ప్రయోగం యుద్ధానికి మిగలదు.

నాలుగవ అంతస్తులోని కాపలాదారులను జయించినవారికి నీలి రిబ్బను లభిస్తుంది. దానితో తొమ్మిదవ అంతస్తు వరకు దిగే లిఫ్టును ఉపయోగించవచ్చు. కాబట్టి నడుమ ఉన్న అంతస్తులలో చాలా భాగాన్ని చూడకుండానే ఆట పూర్తిచేయడం సాధ్యమే. అయితే తగిన అనుభవం లేకుండా కిందికి దిగిన దళం పదవ అంతస్తులోని వరుస గదుల యుద్ధాలను తట్టుకోలేదు.

యుద్ధాలు, మంత్రాలు

శత్రువులు నాలుగు గుంపుల వరకు ఎదురవుతారు. యుద్ధం వంతులవారీగా జరుగుతుంది. ఆటగాడు ముందుగా ఆరుగురికీ ఆజ్ఞలు ఇస్తాడు. తరువాత ఫలితాలు ఒకదాని వెంట ఒకటి తెరపై అక్షరాలలో కనిపిస్తాయి. తొలుత శత్రువుల అసలు పేరు తెలియదు. అస్పష్టమైన వర్ణన మాత్రమే కనిపిస్తుంది. ఎదుట ఉన్నది ఏమిటో తెలియక ముందే పోరాడాలా, పారిపోవాలా అనేది నిర్ణయించుకోవాలి.

మంత్రాలు మాంత్రికులకు ఏడు స్థాయిలు, పురోహితులకు ఏడు స్థాయిలు. ఒక్కొక్క స్థాయిలో గరిష్ఠంగా తొమ్మిది ప్రయోగాలు మాత్రమే ఉంటాయి. కోటకు తిరిగి వెళ్ళి విశ్రమిస్తేనే అవి మళ్ళీ లభిస్తాయి. మంత్రాల పేర్లు రచయితలు కల్పించిన ఒక భాషలో ఉంటాయి. హలిటో చిన్న అగ్నిజ్వాల, మహలిటో పెద్ద జ్వాల. కటినో నిద్రపుచ్చేది. డియోస్ గాయం మాన్పేది. మాలోర్ దళాన్ని కోరిన చోటికి చేర్చేది. తొలి ముద్రణలో ఈ పేర్లను ఆటగాడు తప్పులేకుండా టైపు చేయవలసి ఉండేది.

ఆట ఆరంభంలో మాంత్రికుడికి ఒకటి రెండు ప్రయోగాలకు మించి ఉండవు. తొలి అంతస్తులో రెండు మూడు గదులు చూసి వెనుదిరగడమే క్షేమం. విషం తగిలిన పాత్ర నడిచేకొద్దీ శక్తి కోల్పోతుంది. విషాన్ని విరిచే మంత్రం నాలుగవ స్థాయిలో గాని రాదు. కింది అంతస్తులలో పక్షవాతం కలిగించేవి, రాయిగా మార్చేవి, సంపాదించిన స్థాయిలనే హరించేవి ఎదురవుతాయి.

మరణం, పునరుద్ధరణ

విజార్డ్రీలో జరిగిన సంఘటనలు వెంటవెంటనే ఫ్లాపీ మీద నమోదవుతాయి. నచ్చని ఫలితం వచ్చినపుడు పాత స్థితికి వెళ్ళి మళ్ళీ ఆడే అవకాశాన్ని ఆట ఇవ్వదు. యంత్రాన్ని హఠాత్తుగా ఆపివేసి నమోదును తప్పించుకొన్న ఆటగాళ్ళు లేకపోలేదు గాని, అది ఆట ఉద్దేశానికి విరుద్ధం.

చనిపోయిన పాత్రను మిగిలినవారు కోటకు మోసుకొని వచ్చి కాంట్ దేవాలయంలో అప్పగించాలి. అక్కడ చెల్లించవలసిన కానుక ఆ పాత్ర స్థాయిని బట్టి పెరుగుతుంది. దానిని తోటివారే చెల్లించాలి. కానుక చెల్లించినంత మాత్రాన ఫలితం ఖాయం కాదు. ప్రయత్నం విఫలమైతే దేహం బూడిదవుతుంది. బూడిద నుండి బ్రతికించేందుకు మరింత ధనం చెల్లించి మరొకసారి ప్రయత్నించవచ్చు. అది కూడా విఫలమైతే ఆ పాత్ర శాశ్వతంగా నశిస్తుంది. పురోహితుల డి, కడోర్టో మంత్రాలకు కూడా ఇటువంటి ప్రమాదమే ఉంది.

దళమంతా మరణిస్తే దేహాలు చిక్కుదారిలో పడినచోటనే ఉండిపోతాయి. ఆటగాడు మరొక దళాన్ని తయారుచేసి ఆ చోటికి పంపి వెదికించాలి. తెచ్చుకొన్న దేహం కూడా దళంలో ఒక స్థానాన్ని ఆక్రమిస్తుంది గనుక నలుగురు సభ్యులతో వెళ్ళినవారు ఒక పర్యాయం ఇద్దరిని మాత్రమే తీసుకురాగలరు. ఆరుగురినీ రక్షించడానికి మూడు ప్రయాణాలు అవసరమవుతాయి. మొదటి దళం ఓడిన చోటికే రెండవ దళం వెళ్ళవలసి ఉండడం వల్ల ఇది ఆటలోని అత్యంత క్లిష్టమైన పని. మాలోర్ మంత్రంలో దూరం తప్పుగా లెక్కించి దళాన్ని రాతిలోపలికి చేర్చితే ఆ అవకాశం కూడా ఉండదు.

ఈ కారణాల వల్ల విజార్డ్రీలో ప్రధానమైన నైపుణ్యం శత్రువును కొట్టడంలో కంటే ఎప్పుడు వెనుదిరగాలో గుర్తించడంలో ఉంది. వచ్చిన దారి పొడవు ఎంత, మిగిలిన మంత్రాలు ఎన్ని, ముందు వరుసవారి శక్తి ఎంత అనే మూడు లెక్కలు ఆటగాడు ఎల్లవేళలా వేసుకోవాలి. మరొక్క తలుపు తెరచి చూద్దామన్న ఆశే ఎక్కువ దళాలు నశించడానికి కారణం. అనేక గంటలు శ్రమించి పెంచిన పాత్ర ఒక్క క్షణంలో పోవచ్చు గనుక, రూపం లేని కొన్ని అంకెలకు, ఒక పేరుకు ఆటగాళ్ళు గాఢమైన అనుబంధం ఏర్పరచుకొన్నారు.

తెలుగువారికి పరిచితమైన పోలికలు

భారతదేశంలో 1984లో ప్రారంభమైన క్లాస్ పథకం కింద పాఠశాలలకు వచ్చినవి బీబీసీ మైక్రో కంప్యూటర్లు. ఆపిల్ 2 కోసం పుట్టిన విజార్డ్రీ ఆ బడి కంప్యూటర్ల మీద నడిచేది కాదు. అయితే దీనిలోని సూత్రాలు తెలుగువారికి కొత్తవి కావు. పాత ఆలయ మండపాల బండలపై చెక్కిన గీతలతో ఆడే పులిజూదంలో విడిగా ఉన్న మేక పులికి చిక్కుతుంది. వెనుక గడిలో తోడున్న మేకపై నుండి పులి దూకలేదు. అన్నీ కలిసి కదిలితే పులినే కట్టివేస్తాయి. విజార్డ్రీలో దళపు వరుసలకు ఆధారం ఇటువంటి పరస్పర రక్షణయే. మహాభారతంలో పద్మవ్యూహంలోకి ప్రవేశించడం తెలిసి, బయటపడడం తెలియని అభిమన్యుని స్థితి, తిరుగుదారి లెక్క తప్పిన దళపు స్థితిని చక్కగా వివరిస్తుంది.

తరువాతి భాగాలు

* నైట్ ఆఫ్ డైమండ్స్ (1982) - మొదటి ఆటలో పెంచిన పాత్రలనే ఇందులోకి తెచ్చుకోవాలి.
* లెగసీ ఆఫ్ లిల్‌గమిన్ (1983) - పాత వీరుల వారసులు దళసభ్యులు.
* రిటర్న్ ఆఫ్ వెర్డ్నా (1987) - ఆటగాడు వెర్డ్నా పాత్రను ధరించి చిక్కుదారి నుండి పైకి రావాలి.
* హార్ట్ ఆఫ్ ద మేల్‌స్ట్రోమ్ (1988)
* బేన్ ఆఫ్ ద కాస్మిక్ ఫోర్జ్ (1990)
* క్రూసేడర్స్ ఆఫ్ ద డార్క్ సావంట్ (1992)
* విజార్డ్రీ 8 (2001) - మూల పరంపరలో చివరిది.

ప్రభావం

అల్టిమా 3 (1983), ద బార్డ్స్ టేల్ (1985), మైట్ అండ్ మ్యాజిక్ (1986), పూల్ ఆఫ్ రేడియెన్స్ (1988) వంటి ఆటలు దళ పద్ధతిని కొనసాగించాయి. జపాన్‌లో విజార్డ్రీకి విశేష ఆదరణ లభించింది. డ్రాగన్ క్వెస్ట్ (1986) రూపకర్త యూజి హోరీ దీని అభిమాని. 1987లో ఫామికామ్ యంత్రానికి ఈ ఆట వచ్చింది. సర్-టెక్ మూతపడిన తరువాత కూడా జపాన్ సంస్థలు ఈ పేరుతో కొత్త ఆటలు తెస్తూ వచ్చాయి. 2007లో వచ్చిన ఎట్రియన్ ఒడిస్సీ అనే జపాన్ ఆటలో, ఆటగాడు యంత్రపు కింది తెరపై తానే పటం గీసుకొనే పద్ధతిని ప్రవేశపెట్టారు. తరువాత వచ్చిన అనేక ఆటలలో పటాన్ని యంత్రమే గీస్తుంది, కోరినచోట ఆటను భద్రపరచుకోవచ్చు. ఈ సౌకర్యాల వల్ల ఆట సులభమైంది, పోగొట్టుకొంటామన్న భయం తగ్గింది.

డిజిటల్ ఎక్లిప్స్ సంస్థ మూల ఆటను త్రిమితీయ చిత్రాలతో పునర్నిర్మించి 2024 మే నెలలో విడుదల చేసింది. దీనిలో ఆపిల్ 2 నాటి తెరను కూడా పక్కన చూడవచ్చు. ఈ పునర్నిర్మాణానికి సంగీతం సమకూర్చిన వినిఫ్రెడ్ ఫిలిప్స్‌కు 2025లో గ్రామీ పురస్కారం లభించింది. సహరూపకర్త ఆండ్రూ గ్రీన్‌బర్గ్ 2024 ఆగస్టులో మరణించాడు.

ఇవి కూడా చూడండి

* పులిజూదం
* పద్మవ్యూహం
* వైకుంఠపాళి